హాస్కెల్‌లో టైపులతో మొదలుపెట్టి ఒక చిన్న ప్రోగ్రామ్‌ను పూర్తిచేయడం ఎలా

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలని దిగినవారిలో చాలామంది మోనాడ్ అనే భావన దగ్గర ఆగిపోతారన్న మాట తరచుగా వినిపిస్తుంది. నా అభిప్రాయంలో ఇబ్బంది అంతకు చాలా ముందే మొదలవుతుంది. ఇతర భాషల అలవాటు ప్రకారం ముందుగా ఫైల్ తెరుస్తారు, తర్వాత లూప్ కోసం వెతుకుతారు, ఆ పైన ఒక వేరియబుల్‌లో విలువ పెంచుకుంటూ పోవాలని చూస్తారు. ఏదీ కుదరక భాషే కష్టమైనదని తేల్చేస్తారు. హాస్కెల్‌లో పని టైపుల దగ్గర, అంటే ఏ విలువ ఏ రకమో ప్రకటించే దగ్గర, మొదలుకావాలి; ఫైళ్లు, తెర, కీబోర్డు చివరికి రావాలి. ఈ క్రమం ఒక్కటి పట్టుబడితే మిగిలినదానిలో చాలా భాగం కంపైలరే చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో భాషా లక్షణాలను ఒక్కొక్కటిగా వివరించకుండా, ఒకే చిన్న ప్రోగ్రామ్‌ను మొదటి అడుగు నుంచి పరీక్షల దాకా తీసుకెళుతున్నాను.

చేయవలసిన పని ఇది. ఒక టెక్స్ట్ ఫైల్‌లో ప్రతి వరుసలోనూ విద్యార్థి పేరు, సబ్జెక్టు, మార్కులు కామాలతో వేరుచేసి ఉంటాయి. మార్కులు 0 నుంచి 100 లోపు పూర్ణ సంఖ్యలు. ప్రోగ్రామ్ సబ్జెక్టువారీగా సగటు చెప్పాలి. తప్పుగా ఉన్న వరుసలు ఏవో, ఒక్కొక్కటి ఎందుకు తప్పో, వరుస సంఖ్యతో సహా చెప్పాలి.

సరంజామా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. జీహెచ్‌సీఅప్ అనే ఇన్‌స్టాలర్ ద్వారా జీహెచ్‌సీ కంపైలర్‌ను, ప్రోగ్రామ్‌ను ప్యాకేజీలతో కలిపి నిర్మించే కబాల్‌ను, ఎడిటర్‌కు సాయపడే హాస్కెల్ లాంగ్వేజ్ సర్వర్‌ను తెచ్చుకోవచ్చు. కబాల్ ఫైల్‌లో టెక్స్ట్, బైట్‌స్ట్రింగ్, కంటెయినర్స్ ప్యాకేజీలను చేర్చండి. అన్ని ముఖ్యమైన హెచ్చరికలనూ చూపే వాల్ (-Wall) ఆప్షన్‌ను మొదటి రోజే పెట్టుకోండి. ప్రోగ్రామ్ పెద్దదయ్యాక పెట్టుకుంటే వందల హెచ్చరికలు ఒక్కసారిగా మీదపడతాయి. కింద టైపుల పేర్లను తెలుగులో రాస్తున్నాను. టైపు పేరు పెద్దక్షరంతో మొదలవాలన్నది హాస్కెల్ నియమం, మన లిపిలో ఆ భేదం లేదు. కాబట్టి అసలు కోడ్‌లో మీరు ఇంగ్లిష్ పేర్లు పెట్టుకోవలసి ఉంటుంది.

మొదట టైపులు

పేరు, సబ్జెక్టు రెండూ టెక్స్ట్ విలువలే. రెండింటినీ నేరుగా టెక్స్ట్‌గానే వదిలేస్తే, ఒక ఫంక్షన్‌కు పేరు ఇవ్వవలసిన చోట సబ్జెక్టు ఇచ్చినా కంపైలర్ అభ్యంతరం చెప్పదు, ఎందుకంటే దాని దృష్టిలో రెండూ ఒకటే. ఉన్న టైపుకు కొత్త పేరుతో తొడుగు వేసే న్యూటైప్‌తో వాటిని రెండు వేర్వేరు టైపులుగా ప్రకటిస్తే ఆ పొరపాటు కంపైల్ దశలోనే పట్టుబడుతుంది. న్యూటైప్ తొడుగు కంపైల్ అయ్యాక మిగలదు కనుక నడుస్తున్న ప్రోగ్రామ్‌పై దాని భారం ఉండదు. సాధారణ టైపు మారుపేరుతో ఈ రక్షణ దొరకదన్నది గుర్తుంచుకోండి. మారుపేరు చదివేవారికి ఉపయోగపడుతుందే తప్ప కంపైలర్‌కు కొత్త సమాచారం ఏమీ ఇవ్వదు.

మార్కుల విషయంలో ఇంకొక అడుగు ముందుకు వేయాలి. మార్కు అనే న్యూటైప్‌ను ఒక ప్రత్యేక మాడ్యూల్‌లో పెట్టి, ఆ మాడ్యూల్ నుంచి టైపు పేరును మాత్రమే ఎగుమతి చేయండి, కన్‌స్ట్రక్టర్‌ను, అంటే ఆ టైపు విలువను కట్టే పేరును, ఎగుమతి చేయవద్దు. బయటివారు మార్కు విలువను తయారు చేసుకోవడానికి ఒకే దారి ఉండాలి: ఇంటీజర్‌ను తీసుకుని, అది 0 నుంచి 100 లోపు ఉంటే జస్ట్‌లో చుట్టిన మార్కును, లేకుంటే నథింగ్‌ను ఇచ్చే ఫంక్షన్. దాని టైపు ‘ఇంటీజర్ → మేబీ మార్కు’. విలువ ఉండవచ్చు (జస్ట్), లేకపోవచ్చు (నథింగ్) అని చెప్పే టైపే మేబీ. ఈ కట్టుబాటు వల్ల ఒక మంచి ఫలితం కలుగుతుంది: ప్రోగ్రామ్‌లో ఎక్కడైనా మార్కు టైపు ఉన్న విలువ కనిపిస్తే దాన్ని మళ్లీ తనిఖీ చేయవలసిన పని ఉండదు. తనిఖీ జరిగిందన్న సాక్ష్యం టైపులోనే ఉంది.

పేరు, సబ్జెక్టు, మార్కు మూడూ కలిసి పద్దు అనే రికార్డు. ఆ తర్వాత, కొత్తవారు సాధారణంగా వాయిదా వేసే టైపును ఇప్పుడే రాయండి: లోపం. ఒక వరుస ఎన్ని రకాలుగా చెడిపోవచ్చో ఆలోచించి ఒక్కో రకానికి ఒక్కో కన్‌స్ట్రక్టర్ పెట్టాలి. గడుల సంఖ్య మూడు కాకపోవచ్చు, అప్పుడు ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్యను కన్‌స్ట్రక్టర్ తనతో మోయాలి. పేరు ఖాళీగా ఉండవచ్చు. మార్కుల గడిలో ఉన్నది సంఖ్యే కాకపోవచ్చు, అప్పుడు ఆ గడిలో ఉన్న పాఠాన్ని మోయాలి. సంఖ్యే అయినా హద్దు దాటవచ్చు. లోపాన్ని ఒక సందేశంగా టెక్స్ట్‌లో రాసేస్తే తొందరగా పని అవుతుంది కానీ, తర్వాత హద్దు దాటిన వరుసలు ఎన్నో లెక్కపెట్టమంటే ఆ సందేశాన్నే తిరిగి విడదీసి చదవవలసి వస్తుంది. సందేశంగా మార్చడం ముద్రించే చోట జరిగితే చాలు.

వరుసను చదవడం

ఇప్పుడు ఫంక్షన్ పేరు, దాని టైపు మాత్రమే రాయండి: ‘వరుసను చదువు :: టెక్స్ట్ → ఈదర్ లోపం పద్దు’. ఈదర్ విలువ లెఫ్ట్ అయితే లోపల లోపం, రైట్ అయితే పద్దు ఉంటుంది. లోపల ఏముంటుందో ఇంకా తెలియకపోయినా ఫరవాలేదు. సమానం గుర్తుకు కుడివైపున ఒక అండర్‌స్కోర్ పెట్టి కంపైల్ చేయండి. దీన్ని టైప్డ్ హోల్ అంటారు, జీహెచ్‌సీ 7.8 నుంచి ఈ సదుపాయం ఉంది. ఆ ఖాళీలో ఏ టైపు విలువ కావాలో, అక్కడికి అందుబాటులో ఉన్న పేర్లు ఏవో కంపైలర్ చెబుతుంది, ఈమధ్య వెర్షన్లలో సరిపోయే ఫంక్షన్లను కూడా సూచిస్తుంది. ఒక పెద్ద ఖాళీని రెండు చిన్న ఖాళీలుగా విడగొట్టి, వాటిని మళ్లీ విడగొట్టుకుంటూ పోవడమే హాస్కెల్‌లో ఫంక్షన్ రాసే పద్ధతి అని నేను నమ్ముతాను. ఇది తెలియనివారు పది వరుసలు ఒకేసారి రాసి, అర్థంకాని పెద్ద టైప్ ఎర్రర్ ముందు కూర్చుంటారు.

వరుసను కామాల దగ్గర విడగొడితే టెక్స్ట్ ముక్కల లిస్ట్ వస్తుంది. ఆ లిస్ట్‌ను కేస్‌లో పెట్టి, సరిగ్గా మూడు అంశాలున్న ప్యాటర్న్‌కు ఒక శాఖ, మిగిలిన అన్నిటికీ ఒక శాఖ రాయాలి. లిస్ట్‌లోని మొదటి అంశం కోసం హెడ్ ఫంక్షన్‌ను వాడవద్దు; ఖాళీ లిస్ట్ ఇస్తే అది ప్రోగ్రామ్‌నే పడగొడుతుంది, అందుకే జీహెచ్‌సీ 9.8 నుంచి హెడ్, టెయిల్ ఎక్కడ వాడినా కంపైలర్ దానంతట అదే హెచ్చరిస్తోంది. ప్యాటర్న్‌తో విడదీస్తే ఆ ప్రమాదం ఉండదు.

మూడు ముక్కలున్న శాఖలో డూ (మెట్లను ఒకదాని కింద ఒకటి రాసే రూపం) రాసి, ఒక్కో ముక్కను తనిఖీ చేసే చిన్న ఫంక్షన్లను వరుసగా పిలవండి. పేరును చూసే ఫంక్షన్ లెఫ్ట్ ఇస్తే డూలోని మిగిలిన వరుసలు నడవకుండా ఆ లెఫ్టే ఫలితంగా బయటికి వస్తుంది. రైట్ ఇస్తే దాని లోపలి విలువ తర్వాతి వరుసకు అందుతుంది. ఇక్కడ ఫైల్ లేదు, తెర లేదు, అయినా డూ పనిచేస్తోంది. మోనాడ్ అన్నది ఇన్‌పుట్ అవుట్‌పుట్‌కు సంబంధించిన మంత్రమనే భయం ఉన్నవారు ఈ నాలుగు వరుసలను రెండుసార్లు చదివితే, ఒక మెట్టు ఫలితాన్ని చూసి తర్వాతి మెట్టు వెయ్యాలా వద్దా అని నిర్ణయించే పద్ధతికే ఆ పేరు పెట్టారని తేటపడుతుంది.

మార్కుల గడిని సంఖ్యగా మార్చే చోట కొంచెం ఆగి చూడాలి. రీడ్ ఫంక్షన్ చెడు పాఠం ఎదురైతే ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది కనుక దాన్ని పక్కన పెట్టి, టెక్స్ట్ రీడ్ మాడ్యూల్‌లోని రీడ్‌మేబీని వాడాలి. అది ముందూ వెనుకా ఉన్న ఖాళీలను సహిస్తుంది, ‘12అ’ వంటి పాఠానికి నథింగ్ ఇస్తుంది. అయితే దాని ఫలితాన్ని ఇంట్‌గా, అంటే పరిమిత బిట్లలో పట్టే పూర్ణ సంఖ్యగా, అడిగితే ఒక గోతిలో పడతాం. మార్కుల గడిలో 18446744073709551666 అని ఉందనుకోండి. 64 బిట్ల యంత్రంలో దాన్ని ఇంట్‌గా చదివితే వచ్చే ఫలితం జస్ట్ 50. ఆ సంఖ్య 2 ఘాతం 64 కంటే సరిగ్గా 50 ఎక్కువ. 64 బిట్లలో పట్టని భాగం చప్పుడు లేకుండా రాలిపోయి 50 మిగులుతుంది, అది హద్దుల తనిఖీని కూడా దాటేస్తుంది. హద్దు లేని ఇంటీజర్‌గా చదివి, 0 నుంచి 100 లోపు ఉందో లేదో చూసి, ఆ తర్వాతే మార్కుగా మార్చాలి. మార్కును తయారుచేసే ఫంక్షన్ ఇంట్‌కు బదులు ఇంటీజర్‌ను తీసుకోవాలని పైన రాయడానికి కారణం ఇదే.

లోపాలన్నిటినీ ఒకేసారి చెప్పడం

ఒక వరుసకు ఫంక్షన్ సిద్ధమయ్యాక, ఫైల్ మొత్తానికి దాన్ని వర్తింపజేయడానికి ట్రావర్స్ వెంటనే గుర్తుకువస్తుంది. ట్రావర్స్‌కు వరుసల లిస్ట్‌నూ ఈ ఫంక్షన్‌నూ ఇస్తే ‘ఈదర్ లోపం’ లోపల పద్దుల లిస్ట్ వస్తుంది. టైపు చూడటానికి చక్కగా ఉంటుంది కానీ మన అవసరానికి సరిపోదు, ఎందుకంటే మొదటి లోపం దగ్గరే అది ఆగిపోతుంది. వెయ్యి వరుసల ఫైల్‌లో ఇరవై తప్పులుంటే వాటిని దిద్దేవారు ప్రోగ్రామ్‌ను ఇరవైసార్లు నడపవలసి వస్తుంది. అందువల్ల వరుసలకు 1 నుంచి సంఖ్యలు జతచేసి, మ్యాప్‌తో ప్రతి వరుసనూ విడిగా చదివి, లెఫ్ట్ వైపు వచ్చిన లోపానికి ఆ వరుస సంఖ్యను తగిలించి, వచ్చిన లిస్ట్‌ను పార్టిషన్‌ఈదర్స్‌కు ఇవ్వండి. అది లోపాలను ఒక లిస్ట్‌గా, సరైన పద్దులను ఇంకొక లిస్ట్‌గా, ఉన్న క్రమం చెడకుండా వేరుచేస్తుంది. ఒక వరుస లోపల మొదటి లోపం దగ్గర ఆగడం, వరుసల మధ్య ఆగకపోవడం అనేవి రెండు వేర్వేరు నిర్ణయాలని, రెండింటినీ మనమే తీసుకోవాలని ఇక్కడ గమనించండి.

సగటు లెక్క

సగటును నేరుగా పోగుచేయాలని ప్రయత్నించవద్దు. రెండు సగటులు ఇస్తే వాటి నుంచి మొత్తం సగటు తేల్చలేం, ఎందుకంటే ఏది ఎందరిదో తెలియదు. కలపడానికి వీలైనది మార్కుల కూడిక, మనుషుల లెక్క అనే జంట. కాబట్టి ‘మొత్తం’ అనే టైపులో ఆ రెండు సంఖ్యలను ఉంచి, రెండు మొత్తాలను కలిపే సెమీగ్రూప్ ఇన్‌స్టెన్స్, రెండూ సున్నాగా ఉన్న విలువను ఇచ్చే మోనాయిడ్ ఇన్‌స్టెన్స్ రాయండి. రెండు సంఖ్యలనూ పూర్ణ సంఖ్యలుగానే ఉంచండి, భాగహారాన్ని ముద్రించే క్షణం దాకా వాయిదా వేయండి. డబుల్ సంఖ్యల కూడికలో జట్టుకట్టే క్రమం మారితే చివరి అంకెలు మారవచ్చు. పూర్ణ సంఖ్యలకు ఆ బెడద లేదు. మొత్తం నుంచి సగటు తీసే ఫంక్షన్ టైపు ‘మొత్తం → మేబీ డబుల్’ కావాలి, ఎందుకంటే లెక్క సున్నాగా ఉన్న విలువ కూడా ఈ టైపులో ఉంది, దానికి సగటు ఉండదు.

సబ్జెక్టువారీగా పోగుచేయడానికి, ఒక్కో కీ కింద ఒక్కో విలువను ఉంచే డేటా మ్యాప్ కావాలి. అనుభవం ఉన్నవారిని కూడా తడబరిచే విషయం ఒకటి ఇక్కడ ఉంది. విలువలు మోనాయిడ్ అయితే మ్యాపులను మోనాయిడ్‌గా కలిపినప్పుడు ఒకే కీ కింద ఉన్న విలువలు కూడా కలుస్తాయని అనుకోవడం సహజం. కంటెయినర్స్ ప్యాకేజీలోని మ్యాప్ అలా చేయదు. ఒకే కీ రెండు మ్యాపుల్లోనూ ఉంటే ఎడమవైపు విలువను ఉంచి, కుడివైపు విలువను పారేస్తుంది. టైపులు సరిపోతాయి, ప్రోగ్రామ్ నడుస్తుంది, ప్రతి సబ్జెక్టుకూ ఒక్క విద్యార్థి మార్కులే సగటుగా కనిపిస్తాయి. కాబట్టి కలిపే ఫంక్షన్‌ను బయటి నుంచి స్పష్టంగా ఇచ్చే ఫ్రమ్‌లిస్ట్‌విత్‌ను గానీ, యూనియన్‌విత్‌ను గానీ వాడండి.

ఇక హాస్కెల్ లేజీ స్వభావం. అవసరం పడేదాకా లెక్క కట్టకుండా, కట్టవలసిన లెక్కను థంక్ రూపంలో దాచిపెట్టడం ఈ భాష పద్ధతి. అంతులేని లిస్ట్‌ను రాసుకుని కావలసినంతే తీసుకోగలగడం దాని చలవే; వరుసలకు జతచేసిన 1, 2, 3 సంఖ్యల లిస్ట్ కూడా అంతులేనిదే. పోగుచేసే చోట మాత్రం ఇది ఎదురు తిరుగుతుంది. లక్ష వరుసల కూడిక ఒక సంఖ్యగా కాక లక్ష థంకుల గొలుసుగా మెమరీలో పేరుకుంటుంది. దీనికి విరుగుడుగా మ్యాప్ స్ట్రిక్ట్ మాడ్యూల్ వాడమని అందరూ చెబుతారు, అది సరైన సలహాయే, కానీ సగం సలహా. స్ట్రిక్ట్ మ్యాప్ తన విలువను బయటి కన్‌స్ట్రక్టర్ కనిపించేదాకా మాత్రమే లెక్కిస్తుంది. విలువ మామూలు జంట అయితే జంట బయటపడుతుంది, దాని లోపలి రెండు కూడికలూ థంకులుగానే ఉండిపోతాయి. ‘మొత్తం’ టైపును సొంతంగా ప్రకటించి, దాని రెండు ఫీల్డుల టైపులకూ ముందు ఆశ్చర్యార్థకం పెడితే, ఆ కన్‌స్ట్రక్టర్ లెక్కకు వచ్చినప్పుడల్లా లోపలి సంఖ్యలూ లెక్కకు వస్తాయి. స్ట్రిక్ట్ మ్యాప్, స్ట్రిక్ట్ ఫీల్డులు రెండూ కలిస్తేనే పని పూర్తవుతుంది. మామూలు లిస్ట్‌ను మడతపెట్టే చోట ఫోల్డ్ఎల్‌కు బదులు ప్రైమ్ గుర్తు ఉన్న ఫోల్డ్ఎల్‌ను (foldl') వాడండి, జీహెచ్‌సీ 9.10 నుంచి అది ప్రిల్యూడ్‌లోనే, అంటే దిగుమతి చేయకుండానే అందే ప్రామాణిక మాడ్యూల్‌లోనే, దొరుకుతోంది.

ఫైల్, తెర

ఇప్పటిదాకా రాసినదాంట్లో ఐఓ (ఇన్‌పుట్ అవుట్‌పుట్) ఒక్కచోట కూడా లేదు. టెక్స్ట్ తీసుకుని లోపాల లిస్ట్‌ను, సబ్జెక్టు మ్యాప్‌ను ఇచ్చే ఒక శుద్ధమైన ఫంక్షన్ సిద్ధంగా ఉంది, దాన్ని రాసిన వెంటనే నడిపి చూపే జీహెచ్‌సీఐలో రెండు మూడు వరుసల పాఠంతో వెంటనే పరీక్షించవచ్చు. 1990లో వెలువడిన మొదటి హాస్కెల్ నివేదికలో ప్రోగ్రామ్ బయటి ప్రపంచంతో అభ్యర్థనలు, జవాబుల లిస్టుల ద్వారా మాట్లాడేది; ఇప్పుడు మనకు తెలిసిన మోనాడ్ రూపంలోని ఐఓ 1996లో వచ్చిన హాస్కెల్ 1.3తో ప్రమాణమైంది. రూపం మారినా శుద్ధమైన లెక్కను, బయటి ప్రపంచంతో వ్యవహారాన్ని వేరుగా ఉంచాలన్న నియమం మాత్రం మొదటినుంచీ ఉన్నదే.

మెయిన్‌లో చేయవలసింది తక్కువే, కానీ రెండు చోట్ల జాగ్రత్త కావాలి. ఫైల్‌ను ప్రిల్యూడ్‌లోని రీడ్‌ఫైల్‌తో చదివితే అక్షరాల ఎన్‌కోడింగ్ ఆ యంత్రపు లొకేల్ (భాషా అమరిక) మీద ఆధారపడుతుంది. తెలుగు పేర్లున్న ఫైల్ ఒక యంత్రంలో చక్కగా చదవబడి, లొకేల్ సరిగా లేని సర్వర్‌లో చెల్లని బైట్లు ఉన్నాయంటూ ఆగిపోవచ్చు. బైట్‌స్ట్రింగ్‌గా చదివి, టెక్స్ట్ ఎన్‌కోడింగ్ మాడ్యూల్‌లోని యూటీఎఫ్-8 డీకోడ్ ఫంక్షన్లలో ఈదర్ ఇచ్చేదాన్ని వాడండి. చెడు బైట్లు ఎదురైనప్పుడు ఏం చేయాలో అప్పుడు మీ చేతుల్లో ఉంటుంది. రెండవది, ప్రింట్‌తో తెలుగు పాఠాన్ని చూపవద్దు. ప్రింట్ లోపల షో ఉంటుంది, షో ఆస్కీకి వెలుపలి అక్షరాలను బ్యాక్‌స్లాష్, ఆ వెంట కోడ్ సంఖ్య రూపంలో రాస్తుంది. ‘అ’ అక్షరం 3077గా కనిపిస్తుంది. డేటా పాడైందని కంగారు పడనక్కరలేదు, టెక్స్ట్ ఐఓ మాడ్యూల్‌లోని పుట్‌స్ట్రింగ్‌లైన్‌తో (putStrLn) ముద్రిస్తే, లొకేల్ సరిగా ఉన్నంతవరకు, అక్షరాలు అక్షరాలుగానే వస్తాయి.

పరీక్షలు

2000లో కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ పరిచయం చేసిన క్విక్‌చెక్ అనే పరీక్షల లైబ్రరీ ఈ తరహా ప్రోగ్రామ్‌కు సరిగ్గా నప్పుతుంది. మనం ఉదాహరణలు రాయకుండా, ఎప్పుడూ నిజం కావలసిన ఒక ధర్మాన్ని రాస్తే, అది యాదృచ్ఛిక విలువలు పుట్టించి మామూలుగా 100 సార్లు పరీక్షిస్తుంది. రాయవలసిన మొదటి ధర్మం: పద్దుల లిస్ట్‌ను ఎక్కడ రెండుగా కోసినా, రెండు భాగాల మ్యాపులను విడిగా లెక్కించి యూనియన్‌విత్‌తో కలిపితే, మొత్తం లిస్ట్‌కు వచ్చే మ్యాపే రావాలి. పైన చెప్పిన ఎడమవైపు విలువే మిగిలే తప్పు మీ కోడ్‌లో ఉంటే ఈ ధర్మం దాన్ని పట్టుకోవచ్చు, కానీ ఒక షరతు ఉంది: సబ్జెక్టులను పుట్టించే జనరేటర్ రెండు మూడు పేర్లలోంచే ఎంచుకోవాలి. పూర్తిగా యాదృచ్ఛికమైన పేర్లు పుట్టిస్తే ఒకే సబ్జెక్టు రెండుసార్లు రావడమే అరుదై, పరీక్ష అన్నిసార్లూ నెగ్గి, తప్పు అలాగే ఉండిపోతుంది. జనరేటర్‌ను ఆలోచించి రాయని క్విక్‌చెక్ పరీక్షలను నమ్మకూడదని గట్టిగా చెబుతాను.

రెండవ ధర్మం: ఒక పద్దును వరుసగా రాసి తిరిగి చదివితే అదే పద్దు రావాలి. ఇది రాయగానే పేరులో కామా ఉంటే ఏమిటన్న ప్రశ్న వస్తుంది. మన ఫార్మాట్ దాన్ని అనుమతించదు కనుక జనరేటర్ కామాలు లేని, అంచుల్లో ఖాళీలు లేని పేర్లనే పుట్టించాలి; నిజంగా కామాలున్న పేర్లు రావచ్చంటే కామాల దగ్గర విడగొట్టే పద్ధతిని వదిలి, కసావా వంటి సీఎస్‌వీ లైబ్రరీకి మారాలి. సొంత టైపులకు ష్రింక్ కూడా రాసుకోండి. అది లేకపోతే ఓడిపోయిన ఉదాహరణ చిన్నది కాకుండా, యాభై పద్దుల లిస్ట్‌గానే మీ ముందుకు వస్తుంది.

మార్పు వచ్చినప్పుడు

పరీక్షకు రాని విద్యార్థుల గడిలో మార్కుకు బదులు ‘గైర్హాజరు’ అని ఉంటుందని ఇప్పుడు తెలిసిందనుకోండి. మార్కు స్థానంలో మైనస్ 1 పెట్టి సర్దుకోవాలన్న ఆలోచనకు మన మార్కు టైపు ఎలాగూ ఒప్పుకోదు. రాశాడు, గైర్హాజరు అని రెండు కన్‌స్ట్రక్టర్లున్న ఫలితం అనే టైపును ప్రకటించి, పద్దులోని మార్కు ఫీల్డును ఆ టైపుకు మార్చి కంపైల్ చేయండి. మార్చవలసిన ప్రతి చోటునూ కంపైలర్ వరుసగా చూపుతుంది. ఒక్కొక్కటీ దిద్దుకుంటూ వెళ్లండి. కొత్త కేస్ శాఖలు రాసేటప్పుడు మిగిలినవన్నీ అంటూ అండర్‌స్కోర్ ప్యాటర్న్ పెట్టవద్దు, అది పెడితే రేపు మూడో కన్‌స్ట్రక్టర్ చేరినప్పుడు వాల్ ఇచ్చే హెచ్చరిక రాకుండా పోతుంది. పోగుచేసే ఫంక్షన్‌లో గైర్హాజరుకు ఇవ్వవలసిన విలువ ఖాళీ మొత్తం, అంటే మోనాయిడ్‌లోని మెంప్టీ. కూడికా పెరగదు, లెక్కా పెరగదు. ఒక సబ్జెక్టుకు అందరూ గైర్హాజరైతే మ్యాప్‌లో ఆ సబ్జెక్టు కింద లెక్క సున్నాగా ఉంటుంది, సగటు ఫంక్షన్ నథింగ్ ఇస్తుంది, ముద్రించే చోట నథింగ్‌కు రాసి ఉంచిన శాఖ ఆ సబ్జెక్టు ఎదురుగా ‘ఎవరూ రాయలేదు’ అని చూపుతుంది.